దూరం సరిపోయింది, దిక్కు తప్పింది: పూతలపట్టు లేఅవుట్‌లో ఒక కాలిక్యులేటర్ కేసు

నాలుగో హద్దు రాయి పక్కాయన మామిడి తోపులో పడింది. ఉండాల్సిన చోటు నుంచి 3 మీటర్ల 13 సెంటీమీటర్ల దూరం. ఆ రాయి నాటిన అబ్బాయి నా దగ్గర పని నేర్చుకున్నవాడు. జాగ్రత్తగా పనిచేస్తాడు, తొందరపాటు లేదు. ఆ రోజు ప్రతి రాయికీ దూరం టేపుతో కూడా సరిచూసుకున్నాడు. అయినా నాలుగు రాళ్లలో మూడు తప్పు చోట పడ్డాయి. ఎందుకు పడ్డాయో తేల్చడానికి నాకు ఒక పూట పట్టింది. కారణం కాలిక్యులేటర్ స్క్రీన్ పైవరుసలో ఉన్న ఒకే ఒక్క చిన్న అక్షరం.

నేను తిరుపతిలో ప్రైవేటు సర్వే పనులు చేస్తాను, సాయంత్రాలు డిప్లొమా పిల్లలకు సర్వే లెక్కలు చెప్తాను. ప్రోగ్రాం చేసుకోగల సైంటిఫిక్ కాలిక్యులేటర్ మా పనిలో ఇప్పటికీ బతికే ఉంది. కోణం, దూరం రెండూ కొలిచే టోటల్ స్టేషన్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఫోన్‌లో యాప్‌లు ఉన్నా, ఎండలో నిలబడి ఒక చేత్తో నొక్కుకోవడానికి చిన్న మెషీన్ అంత హాయి ఇంకేదీ ఇవ్వదు. కానీ దాని మోడ్‌ల గురించి మేము పిల్లలకు చెప్పేది చాలా తక్కువ. ‘డిగ్రీలో పెట్టుకో’ అని ఒక మాట అనేసి లెక్కలోకి వెళ్లిపోతాం. ఆ ఒక్క మాట చాలదని ఈ కేసులో నాకు బాగా తెలిసొచ్చింది. అందుకే అంకెలతో సహా పూర్తిగా రాస్తున్నాను.

స్థలం, పని

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో పూతలపట్టు దాటాక రోడ్డుకు కాస్త లోపల ఒక చిన్న లేఅవుట్. పడమర వైపు పాత హద్దు రాళ్లు రెండు ఉన్నాయి. దక్షిణం రాయి మీద టోటల్ స్టేషన్ నిలబెట్టి, ఉత్తరం రాయిని చూసి సున్నా పెట్టుకున్నారు. ఆ రెండు రాళ్ల మధ్య సరిగ్గా 50 మీటర్లు. ఉత్తరం రాయి నుంచి తూర్పుగా, 9 మీటర్లకు ఒకటి చొప్పున మూడు కొత్త రాళ్లు రావాలి. అంటే మూడు ప్లాట్ల ముందు గీత. ఒక్కో ప్లాటు లోతు 15 మీటర్లు, అంటే మూడు సెంట్లకు పైగా. మూడో ప్లాటు తూర్పు హద్దు దాటితే మామిడి తోపు.

స్టేషన్ రాయిని సున్నా, సున్నా అనుకుంటే మిగతావాటి లెక్క తేలిక. మొదటి రాయి అంటే ఆ పాత ఉత్తరం రాయే, దానికి ఉత్తరం 50, తూర్పు 0. రెండోది 50, 9. మూడోది 50, 18. నాలుగోది 50, 27. ఒక్కో రాయికీ స్టేషన్ నుంచి దూరం ఎంత, సున్నా గీత నుంచి కోణం ఎంత అన్నది కావాలి. అబ్బాయి దగ్గరున్న కేసియో ఎఫ్ఎక్స్-5800పి కాలిక్యులేటర్‌లో ‘పోల్’ అనే ఫంక్షన్ ఉంటుంది. దానికి ఉత్తరం, తూర్పు అంకెలు ఇస్తే దూరాన్ని ‘ఐ’ అనే మెమరీలో, కోణాన్ని ‘జె’ అనే మెమరీలో పెడుతుంది. అబ్బాయి ఆ ఫంక్షన్‌నే వాడాడు. వచ్చిన కోణాన్ని డిగ్రీ-నిమిషం-సెకను బటన్ నొక్కి విడగొట్టి, పుస్తకంలో రాసుకుని, టోటల్ స్టేషన్‌ను అంత తిప్పి, ప్రిజం (టోటల్ స్టేషన్ పంపే వెలుగును తిప్పికొట్టే గాజు) పట్టుకున్నవాణ్ణి ముందుకూ వెనక్కూ నడిపించి రాయి నాటించాడు. పద్ధతిలో తప్పేమీ లేదు.

సాయంత్రం తోపు ఆయన వచ్చాడు. ‘ఏం సామీ, మా చెట్టు మొదట్లో మీ రాయేంది?’ అని అడిగాడు. కోపంగా అడగలేదు కానీ అక్కడి నుంచి కదల్లేదు. లేఅవుట్ వేసినాయన అబ్బాయి మీద కేకలేశాడు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ వచ్చింది. ‘సార్, దూరాలన్నీ టేపుతో చూసినాను సార్. మిల్లీమీటర్లతో సహా కలిసినాయి. ఎట్లా పోతాది సార్?’ వాడి గొంతు వణికింది. ఇంకేమీ కదపొద్దు, పొద్దున్నే వస్తాను అని చెప్పాను.

ఏది కాదో ముందు తేల్చడం

పొద్దున్నే వెళ్లి ముందుగా నాటిన రాళ్ల మధ్య టేపు పట్టించాను. మొదటికీ రెండుకీ మధ్య 9.99 మీటర్లు. రెండుకీ మూడుకీ 9.93. మూడుకీ నాలుగుకీ 9.84. మూడూ 9 ఉండాలి. పైగా ఒక తాడు లాగి చూస్తే రాళ్లు ఒక గీతలో లేవు, విల్లులా వంగి స్టేషన్ వైపు వచ్చాయి. నాలుగో రాయి గీత నుంచి ఒకటిన్నర మీటరుకు పైగా కిందికి దిగింది.

ఇలాంటప్పుడు సర్వే మనిషికి మొదట అనుమానం వచ్చేది పరికరం మీదే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ప్రిజం స్థిరాంకం, అంటే ప్రిజంను బట్టి దూరానికి చేసే సవరణ, తప్పుగా పెట్టి ఉంటే దూరాలన్నీ ఒకేలా, ఒకే వైపు పెరగాలి లేదా తగ్గాలి. కానీ దూరాలు 50.80, 53.14, 56.82. కాగితం మీద ఎంతో నేల మీదా అంతే. కాబట్టి అది కాదు. ఉత్తరం హద్దు రాయి ఎప్పుడో కదిలి ఉంటే సున్నా దిక్కే తప్పు అవుతుంది, అప్పుడు అన్ని రాళ్లూ ఒకే కోణం తిరగాలి. కానీ కొత్త రాళ్లు ఒకేలా జరగలేదు. రెండోది ఒక మీటరు జరిగింది, మూడోది రెండు మీటర్లు దాటింది, నాలుగోది మూడు దాటింది. ఒకే కోణం తిరిగితే ఇలా మెట్లు మెట్లుగా పెరగదు. కోఆర్డినేట్లే తప్పు రాసుకుని ఉంటే దూరాలు కూడా మారాలి, అవి మారలేదు.

నా మనసు నిలిచింది ఇక్కడే. దూరం పూర్తిగా సరి. కోణం మాత్రం తప్పు. ఆ తప్పు కోణంతో పాటు పెరుగుతోంది. ఈ మూడూ ఒకేసారి జరగాలంటే కోణాన్ని ఎవరో ఒక అంకెతో గుణించి ఉండాలి.

వాడి పుస్తకం తీసి, నా జేబులో ఉన్న ఎఫ్ఎక్స్-991 మీద అదే లెక్క చేశాను. అది డిగ్రీలో ఉందని చూసుకునే మొదలుపెట్టాను. రెండో రాయికి నాకు 10.204 వచ్చింది, వాడి పుస్తకంలో 11.338. మూడోదానికి నాది 19.799, వాడిది 21.999. నాలుగోదానికి నాది 28.369, వాడిది 31.521. ఒక్కోదాన్నీ భాగించి చూశాను. మూడుసార్లూ 1.111 వచ్చింది. పదిని తొమ్మిదితో భాగిస్తే వచ్చేది అదే.

నాలుగు వందలను మూడు వందల అరవైతో భాగించినా వచ్చేది అదే. మెషీన్ గ్రా మోడ్‌లో ఉంది.

వాడి 5800పి అడిగి తీసుకుని సైన్ 30 నొక్కాను. 0.5 రావాలి. 0.4539905 వచ్చింది. స్క్రీన్ పైవరుసలో ‘డి’ ఉండాల్సిన చోట ‘జి’ ఉంది. వాడు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. నేనూ కాసేపు ఏమీ అనలేదు.

గ్రా అంటే ఏమిటి, ఎందుకు ఇంత ప్రమాదం

సర్కిల్‌ను మనం 360 భాగాలు చేస్తాం. ఫ్రాన్స్‌లో మెట్రిక్ పద్ధతి వచ్చిన కాలంలో లంబకోణాన్ని వంద భాగాలు చేయాలన్న ఆలోచన వచ్చింది. అప్పుడు పూర్తి చుట్టు నాలుగు వందలు. ఆ భాగాన్నే గ్రాడ్ అనీ గాన్ అనీ అంటారు. యూరప్‌లో కొన్ని దేశాల సర్వే పరికరాల మీద ఇప్పటికీ గాన్ ఉంటుంది. మన దగ్గర వాడుక లేదు. అయినా దాదాపు ప్రతి సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లోనూ డెగ్ (డిగ్రీ), రాడ్ (రేడియన్), గ్రా (గ్రాడ్) మూడూ పక్కపక్కనే ఉంటాయి.

రాడ్ తప్పుగా పడితే దాదాపు ఎవరికైనా తెలుస్తుంది. సైన్ 30 నొక్కితే మైనస్ 0.988 వస్తుంది, పోల్ ఇచ్చే కోణం సున్నా పాయింట్ ఎంతో ఉంటుంది. అంకె చూడగానే ఏదో తేడా అనిపిస్తుంది. గ్రాలో అలా కాదు. పది డిగ్రీలు ఉండాల్సిన చోట పదకొండు, ఇరవై ఉండాల్సిన చోట ఇరవై రెండు. నమ్మేలా ఉంటుంది. పిల్లలకు నేను రాడ్ గురించి చాలాసార్లు చెప్పాను, గ్రా గురించి ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. ఎవరు వాడతారులే అనుకున్నాను. అది నా తప్పు.

ఇంకొకటుంది. డిగ్రీ-నిమిషం-సెకను బటన్ అంకెను అరవైలుగా విడగొడుతుంది, అంతే. ఆ అంకె డిగ్రీనా, గాన్‌నా అని చూడదు. అందుకే 11.338 గాన్ కాస్తా 11 డిగ్రీల 20 నిమిషాల 16 సెకన్లుగా, ఎంతో మర్యాదగా కనిపించింది. నిజమైన కోణం 10 డిగ్రీల 12 నిమిషాల 14 సెకన్లు. మూడో రాయికైతే 22 డిగ్రీలకు నాలుగైదు సెకన్లు తక్కువగా వచ్చింది. చేతిలో సెకన్ల వరకు అంకె ఉంటే మనిషి దాన్ని ఇంకా గట్టిగా నమ్ముతాడు.

మోడ్ అన్నది ఒకటి కాదు

ఈ భాగం కొంచెం పొడవు. సర్వేతో పని లేని చదువరి కూడా దీన్ని చదివితే మేలు, ఎందుకంటే ఇంజనీరింగ్ పరీక్ష రాసే పిల్లలందరికీ ఇదే ఇబ్బంది.

‘కాలిక్యులేటర్ ఏ మోడ్‌లో ఉంది?’ అని అడగడమే సరైన ప్రశ్న కాదు. ఒకే సమయంలో అది నాలుగైదు స్థితుల్లో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పరిచిన పొరల్లా.

అడుగున ఉండేది లెక్క రకం. 5800పిలో మోడ్ బటన్ నొక్కితే కాంప్, బేస్-ఎన్, ఎస్‌డి, రెగ్, ప్రోగ్, రికర్, టేబుల్, ఈక్యూఎన్ అని జాబితా వస్తుంది. మామూలు లెక్కలకు కాంప్. కంప్యూటర్ పిల్లల బైనరీ, హెక్సా లెక్కలకు బేస్-ఎన్. అక్కడ పూర్ణాంకాలే చెల్లుతాయి, 7ని 2తో భాగిస్తే 3 అంటుంది, సైన్, కాస్ పనిచేయవు. ఎస్‌డి అంటే ఒకే వరుస అంకెల సగటు, విచలనం. రెగ్ అంటే రెండు వరుసల మధ్య సంబంధం. ఈ పొర మారితే బటన్ల పనే మారిపోతుంది కాబట్టి మనిషికి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ తప్పు చేసినా అది ఎక్కువసేపు దాక్కోదు.

దాని మీద కోణం పొర. డెగ్, రాడ్, గ్రా. ఇది మోడ్ జాబితాలో ఉండదు, షిఫ్ట్ నొక్కి మోడ్ నొక్కితే వచ్చే సెటప్‌లో 3, 4, 5 నంబర్ల మీద ఉంటుంది. అందుకే కాంప్ నుంచి ఎస్‌డికి, అక్కడి నుంచి టేబుల్‌కు ఎన్నిసార్లు తిరిగినా కోణం పొర కదలదు. ఆఫ్ చేసి ఆన్ చేసినా కదలదు. చాలామంది పిల్లలు ‘మోడ్ 1 నొక్కినాను సార్, అంతా మామూలుకు వచ్చేసింది’ అంటారు. రాలేదు. కాంప్‌కు వచ్చింది, అంతే. ఎఫ్ఎక్స్-991ఇఎస్ ప్లస్‌లో స్టాట్ మోడ్ వదిలి బయటికొస్తే పట్టికలో కష్టపడి ఎక్కించిన అంకెలన్నీ పోతాయి, కానీ గ్రా పెట్టి ఉంటే అది మాత్రం అలాగే ఉంటుంది. ఏది పోతుందో, ఏది మిగులుతుందో తెలుసుకోవడమే మోడ్‌లను అర్థం చేసుకోవడం అని నేను ఇప్పుడు చెప్తున్నాను.

మూడోది చూపించే పద్ధతి. ఫిక్స్, సై, నార్మ్. ఇది విలువను మార్చదు, కనబడేదాన్ని మాత్రమే మారుస్తుంది. ఫిక్స్ 2 పెట్టి 10ని 3తో భాగిస్తే 3.33 అని చూపిస్తుంది. దాన్నే 3తో గుణిస్తే 10.00 వస్తుంది, ఎందుకంటే లోపల మిగతా అంకెలు ఉన్నాయి. మధ్యలో విలువను సవరించే (రౌండ్ చేసే) ఆర్ఎన్‌డి ఫంక్షన్ వాడితే లోపలి విలువ కూడా 3.33 అయిపోతుంది, అప్పుడు 9.99 వస్తుంది. నార్మ్‌లో రెండు రకాలు. నార్మ్ 1లో 0.01 కంటే చిన్న విలువను పది ఘాతాల్లో చూపిస్తుంది. 1ని 200తో భాగిస్తే 5 ఇంటూ పది ఘాతం మైనస్ 3 అని వస్తుంది. పరీక్ష టెన్షన్‌లో దాన్ని 5 అని రాసిన పేపర్లు నేను చూశాను. నార్మ్ 2 పెడితే 0.005 అనే చూపిస్తుంది. మా పిల్లలందరికీ నార్మ్ 2 పెట్టిస్తాను.

రాసే పద్ధతి ఇంకో పొర. మ్యాథ్‌లో భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలోలా కనబడతాయి, లైన్‌లో ఒకే వరుసలో. ఇది ఇష్టం, దీంతో ప్రమాదం లేదు.

ప్రోగ్రాం చేసుకోగల మెషీన్లకు మాత్రమే ఉండే పొర ఇంకొకటి ఉంది. మెషీన్ ఇప్పుడు మనం చెప్పింది నేర్చుకుంటోందా, నేర్చుకున్నది చేస్తోందా? 1974లో వచ్చిన హెచ్‌పీ-65కు దీని కోసం పక్కకు జరిపే స్విచ్చే ఉండేది. ఒక వైపు జరిపితే ప్రోగ్రాం రాయడం, ఇంకో వైపు జరిపితే నడపడం. వేలికి తెలిసిపోయేది. నేను పని మొదలుపెట్టినప్పుడు ఒక పెద్దాయన తన పాత కేసియో ఎఫ్ఎక్స్-3600పి నాకిచ్చారు. అందులో ప్రోగ్రాంకు 38 స్టెప్పులకే చోటు. మోడ్ నొక్కి 0 నొక్కితే ఎల్ఆర్ఎన్, అంటే నేర్చుకునే స్థితి. మోడ్ నొక్కి చుక్క నొక్కితే రన్. మోడ్ 4 డిగ్రీ, 5 రేడియన్, 6 గ్రా. అన్నీ ఒకే మోడ్ బటన్ వెనక ఉండేవి, వాటి పట్టిక స్క్రీన్ కిందే ముద్రించి ఉండేది. కొత్త మెషీన్లలో తలుపులు రెండయ్యాయి, మోడ్ ఒకటి, సెటప్ ఒకటి. పనులు పెరిగాయి కాబట్టి తప్పదు. కానీ రెండో తలుపు వెనక ఏముందో మనిషి మర్చిపోవడం తేలికైంది.

5800పిలో ప్రోగ్ మోడ్‌లోకి వెళ్తే న్యూ, రన్, ఎడిట్, డిలీట్ అని నాలుగు దారులు. కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టేటప్పుడు అది ఏ రకం అని ముందే అడుగుతుంది, కాంప్‌నా, బేస్-ఎన్‌నా, ఫార్ములానా అని. బేస్-ఎన్ అని ఎంచుకుని సర్వే ప్రోగ్రాం రాయడానికి కూర్చుంటే ముందుకు సాగదు. ఇది చాలామందికి మొదటి రోజే తగిలే రాయి, తగిలాక మర్చిపోరు.

మర్చిపోయేది ఇంకొకటుంది. ప్రోగ్రాంలో డెగ్, రాడ్, గ్రా, ఫిక్స్ వంటి ఆదేశాలను కూడా ఒక వరుసగా రాయవచ్చు. ప్రోగ్రాం నడిచినప్పుడు ఆ వరుస దగ్గరికి రాగానే మెషీన్ సెటప్ మారిపోతుంది. ప్రోగ్రాం అయిపోయాక అది వెనక్కి రాదు. మనం చేత్తో మార్చినట్టే అక్కడే ఉండిపోతుంది. కోణం పొరను మార్చడానికి సెటప్ తలుపు ఒక్కటే కాదు, ప్రతి ప్రోగ్రాం ఒక తలుపే.

ఆ ప్రోగ్రాం ఎక్కడి నుంచి వచ్చింది

‘నేను గ్రా ఎప్పుడూ పెట్టలేదు సార్’ అన్నాడు అబ్బాయి. నిజమే చెప్పాడు. పెట్టింది వాడు కాదు.

ముందు రోజు పొద్దున లేఅవుట్ లోపలి రోడ్డు మలుపు కోసం ఒక ప్రోగ్రాం నడిపాడు. మలుపు వ్యాసార్థం, తిరిగే కోణం ఇస్తే టాంజెంట్ పొడవు (తిన్నని గీతలు కలిసే మూల నుంచి మలుపు మొదలయ్యే చోటి వరకు దూరం), మలుపు పొడవు ఇచ్చే ప్రోగ్రాం. అది వాడు రాసింది కాదు. రెండేళ్ల కింద ఒక రోడ్డు పనిలో చేసినప్పుడు అక్కడి సీనియర్ దగ్గర నుంచి లింక్ మోడ్‌లో, కేబుల్ పెట్టి, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు ఎక్కించుకున్నాడు. అక్కడ గాన్‌లో చదివే థియోడలైట్, అంటే కోణాలు కొలిచే పరికరం, ఉండేదట. కాబట్టి ఆ ప్రోగ్రాం మొదటి వరుసే గ్రా. రాసినవాడికి అది సరైనదే. వాడి పరికరానికి సరిపోయింది.

ఎడిట్‌లోకి వెళ్లి ఒక్కో వరుసా చదివాం. వరుస ఒకటి గ్రా. తర్వాత వ్యాసార్థం అడగడం, కోణం అడగడం. తర్వాత టాంజెంట్. తర్వాత మలుపు పొడవుకు ‘పై’ (3.1416) విలువను వ్యాసార్థంతో, కోణంతో గుణించి 200తో భాగించడం. డిగ్రీలో అయితే అక్కడ 180 ఉండాలి. ఆ 200 చూసినప్పుడైనా అనుమానం రావాలి. కానీ ఇంకొకరి ప్రోగ్రాం లోపలికి తొంగిచూసే అలవాటు మా దాంట్లో ఎవరికి ఉంది? బాగా పనిచేస్తుంది అని పేరుంటే చాలు, వాడేస్తాం.

అప్పుడు నాకు వెంటనే తట్టింది, మరి ఆ మలుపు లెక్క? పుస్తకం తిరగేశాను. వ్యాసార్థం 60 మీటర్లు, కోణం 40. వాడు 40 డిగ్రీలు అని ఇచ్చాడు, ప్రోగ్రాం 40 గాన్‌లు అని తీసుకుంది. టాంజెంట్ 19.50 మీటర్లు అని ఇచ్చింది. నిజానికి 21.84. మలుపు పొడవు 37.70 అని ఇచ్చింది. నిజానికి 41.89. అదృష్టం ఏమిటంటే మలుపు ఇంకా నేల మీదికి రాలేదు, కాగితం మీదే ఉంది. రాళ్ల దగ్గర పట్టుబడకపోయి ఉంటే మరుసటి వారం ముగ్గు పోసి, జేసీబీతో మట్టి తీసేవాళ్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్టేషన్ నుంచి కోణం, దూరం పట్టి ఒక్కో రాయిని విడిగా నాటే పద్ధతిలో తప్పును పట్టే చెక్ దానంతట అది ఉండదు. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే ట్రావర్స్ అయితే ముగింపులో తేడా అరిచి చెప్తుంది. ఇక్కడ ఏ రాయి తప్పూ ఇంకో రాయికి తెలియదు. వాడు టేపుతో చూసింది స్టేషన్ నుంచి రాయికి దూరం. దాన్ని మెషీన్ సరిగ్గానే ఇచ్చింది. ఉత్తరం, తూర్పు అంకెల వర్గాలు కూడి వర్గమూలం తీయడంలో కోణం యూనిట్‌కు చోటే లేదు. అందుకే గ్రాలోనూ దూరం మారలేదు. వాడు సరిచూసుకున్నది తప్పు ఉండటానికే వీల్లేని అంకెను. రాయికీ రాయికీ మధ్య ఒక్కసారి టేపు పట్టి ఉంటే 9 బదులు 9.99 కనబడి అక్కడే ఆగిపోయేవాడు.

సరిదిద్దడం

మెషీన్‌లో మొదట డెగ్ పెట్టాం. అంతా రీసెట్ చేసేద్దాం సార్ అన్నాడు వాడు. వద్దన్నాను. అంతా రీసెట్ చేస్తే వాడు రాసుకున్న మంచి ప్రోగ్రాంలు కూడా పోతాయి. మారింది ఏ పొరో తెలిసినప్పుడు ఆ పొరనే ముట్టుకోవాలి.

తర్వాత నాలుగు రాళ్ల లెక్కా మళ్లీ చేశాం, వాడు వాడి మెషీన్ మీద, నేను నా మెషీన్ మీద, ఒకరి అంకె ఒకరికి చూపించకుండా. కలిసిన తర్వాతే బయటికి వెళ్లాం. మూడు రాళ్లు పీకి మళ్లీ నాటించాం. ఈసారి తోపు ఆయన్ని కూడా పిలిచాం. ఆయన టేపు చివర పట్టుకున్నాడు. 9.00, 9.00, 9.01. తాడు లాగితే గీత నిలిచింది. నాలుగో రాయి ఆయన చెట్టు నుంచి ఇవతలికి వచ్చేసింది. ‘ఇప్పుడు సరిగ్గా ఉంది సామీ’ అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆ ప్రోగ్రాంను ఏం చేయాలన్న దానిమీద నేనూ అబ్బాయీ కాసేపు వాదించుకున్నాం. తీసేద్దాం అన్నాడు. నేను ఉంచుదామన్నాను, సరిచేసి. గ్రాను డెగ్ చేశాం, 200ను 180 చేశాం. కోణం అడిగే చోట స్క్రీన్ మీద ‘డిగ్రీలలో’ అని వచ్చేలా ఒక మాట చేర్చాం. మెషీన్‌లో పాత సెటప్ ఏమిటో గుర్తుపెట్టుకుని తిరిగి అదే పెట్టే తేలికైన ఆదేశం నాకు కనబడలేదు. అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. కాంప్, డెగ్, నార్మ్ 2, ఇది మెషీన్ ఇల్లు. ఏ ప్రోగ్రాం అయినా తనకు కావాల్సింది మొదటి వరుసల్లో తానే పెట్టుకోవాలి, చివరి వరుసల్లో మెషీన్‌ను ఇంటికి చేర్చి వెళ్లాలి. మధ్యలో ఆపేస్తే చివరి వరుసలు నడవవు కాబట్టి, ప్రోగ్రాం ఆపిన ప్రతిసారీ చేత్తో చూసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు చూసుకోవడానికి సైన్ 30 మంచిదే. కానీ పోల్ వాడేవాళ్లకు నేను ఇప్పుడు ఇంకొకటి చెప్తున్నాను. పోల్‌కు 1, 1 ఇవ్వండి. 45 వస్తే డిగ్రీ. 50 వస్తే గ్రా. 0.785 వస్తే రాడ్. ఏ ఫంక్షన్‌తో పని చేయబోతున్నామో ఆ ఫంక్షన్‌నే అడగడం మేలు, అది రాసే మెమరీలు కూడా ఏవో గుర్తుంటాయి. ఎందుకంటే అవి కూడా మెషీన్‌ను బట్టి మారతాయి. 5800పిలో ఐ, జె. 991ఇఎస్‌లో ఎక్స్, వై. పాత 991ఎంఎస్‌లో ఇ, ఎఫ్. ఒక మెషీన్ అలవాటుతో ఇంకో మెషీన్ పట్టుకున్నప్పుడు, అక్కడ దాచుకున్న అంకె మీద పోల్ తన జవాబు రాసేస్తుంది.

స్టేషన్‌కు ఎడమ వైపు రాళ్లుంటే ఇంకో చిక్కు ఉండేది. పోల్ ఇచ్చే కోణం డిగ్రీలో మైనస్ 180 నుంచి 180 వరకే ఉంటుంది, మైనస్ వస్తే మనం 360 కలుపుతాం. గ్రాలో కలపాల్సింది 400. గ్రాలో ఉన్న మైనస్ అంకెకు 360 కలిపి ఉంటే ఆ నిష్పత్తి 1.111 కూడా చెదిరిపోయేది, నాకు అంత త్వరగా దొరికేది కాదు. ఈ లేఅవుట్‌లో రాళ్లన్నీ కుడివైపే ఉండటం వల్ల తప్పు తన ఆకారం చెడకుండా దొరికింది.

సాయంత్రం సామాను కారులో పెడుతుండగా నేను వాణ్ణి అడిగాను, ఆ ప్రోగ్రాం ఇంకెవరికైనా కేబుల్ పెట్టి ఇచ్చావా అని. ఇద్దరికి ఇచ్చాడు. ఒకడు శ్రీకాళహస్తి వైపు పనిచేస్తున్నాడు, ఇంకొకడు పలమనేరు దగ్గర. అక్కడే నిలబడి ఇద్దరికీ ఫోన్ చేయించాను. శ్రీకాళహస్తి అబ్బాయి ఆ ప్రోగ్రాం ఎప్పుడూ నడపలేదు, మెషీన్ డెగ్‌లోనే ఉంది. పలమనేరు అబ్బాయిని పోల్ 1, 1 నొక్కమన్నాం. లైన్‌లోనే కాసేపు చప్పుడు లేదు. తర్వాత ‘యాభై వస్తోందన్నా’ అన్నాడు. ఈ వారంలో ఏ ఏ రాళ్లు నాటావో రాసుకో, రేపు వాటి మధ్య టేపు పడదాం అని చెప్పాడు మావాడు.